ప్రభుత్వం మారితే పాత పీపీఏ (విద్యుత్ కొనుగోలు ఒప్పందం) ధర మారుతుందా?

ప్రశ్న: 2019లో ఏపీలో ప్రభుత్వం మారగానే పవన, సౌర విద్యుత్ ధరలు తగ్గించాలని పట్టుబట్టారు. 2024లో మళ్లీ మారింది, అక్టోబరులో సమీకృత క్లీన్ ఎనర్జీ పాలసీ వచ్చింది. జీవోతో పాత ధర కోసేయొచ్చా?

జవాబు 1: కోయలేరండీ. పాలసీ జీవోతో వస్తుంది, ఇంకో జీవోతో పోతుంది. పీపీఏ ధర అలా కాదు. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 62 కింద ఈఆర్‌సీయే (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) ధర నిర్ణయిస్తుంది, 63 కింద బిడ్డింగ్‌లో తేలిన ధరను ఆమోదిస్తుంది. 2019 జులై 1 నాటి జీవో 63తో సంప్రదింపుల కమిటీ వేశారు. పవనకు యూనిట్‌కు రూ.2.43, సౌరకు రూ.2.44కి దిగమని ఉత్పత్తిదారులకు లేఖలు వెళ్లాయి. సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవో కొట్టేశారు, కానీ ఈఆర్‌సీ తేల్చేదాకా ఆ తగ్గించిన రేట్లే చెల్లించమన్నారు. దెబ్బ అక్కడ తగిలింది. పీపీఏ ధరే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని డివిజన్ బెంచ్ చెప్పింది 2022 మార్చి 15న.

జవాబు 2: ఆ దెబ్బ లెక్క చూడండి. 1 మెగావాట్ గాలిమర 23 శాతం సీయూఎఫ్‌తో (పూర్తి సామర్థ్యంలో నిజంగా వచ్చే ఉత్పత్తి వాటా) ఏడాదికి సుమారు 20.15 లక్షల యూనిట్లు ఇస్తుంది. పీపీఏ ధర రూ.4.84 అనుకుంటే రాబడి రూ.97.5 లక్షలు, రూ.2.43కి రూ.49 లక్షలు. గాలిమరకు ఇంధన ఖర్చు లేదు, ఖర్చులో ఎక్కువ భాగం మొదట్లో తెచ్చిన అప్పే. వాయిదా 90 రోజులు దాటితే బ్యాంకు ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ). తర్వాత ఆ రాష్ట్రంలో బిడ్ వేసేవాడు ఈ భయాన్ని కూడా ధరలో కలుపుతాడు, అది చివరికి బిల్లులోకే వస్తుంది.

జవాబు 3: డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) బరువు కూడా నిజమే. కొత్త వేలాల్లో ధర సగానికి పడిపోయాక పాత రేటు కట్టడం ఏ ప్రభుత్వానికైనా రాజకీయంగా కష్టం. పైగా వ్యవసాయానికి పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు. సెక్షన్ 65 ప్రకారం సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం ముందే చెల్లించాలి, అది ఆలస్యమైతే డిస్కం ముందుగా ఆపేది ఉత్పత్తిదారు బిల్లునే. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీతో యూనిట్ రూ.2.49కి 7,000 మెగావాట్ల ఒప్పందం చేసుకున్నప్పుడు చెప్పిన కారణం కూడా ఈ ఉచిత కరెంటే.

ప్రశ్న అడిగినవారు: మరి కొత్త పాలసీలో ముందుగా ఏం చూడాలి?

జవాబు 1: అమలు కాలం, 5 ఏళ్లు. ఆ తర్వాత ప్రతి రాయితీ మినహాయింపా, తిరిగి చెల్లింపా చూడండి. మినహాయింపైతే బిల్లులోనే పడదు. తిరిగి చెల్లింపైతే బడ్జెట్ విడుదల దాకా ఆగాలి, కాబట్టి బ్యాంకుకిచ్చే లెక్కల్లో దాన్ని రాబడిగా చూపొద్దు.