గాల్ బ్లాడర్ లో రాళ్ళు: నొప్పి తగ్గాక కూడా పడుకుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంది

బిర్లా జంక్షన్ అమ్మాయి

అందరికీ నమస్తే అండి. నాకు 36, విశాఖలో మర్రిపాలెం వైపు ఉంటాం, ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. గాల్ బ్లాడర్ లో రాళ్ళు ఉన్నాయని స్కానింగ్ లో తేలింది, ఒకటి కాదు చాలా ఉన్నాయంట, పెద్దది 11 మిల్లీమీటర్లు అని రాశారు. ఆపరేషన్ చేయించుకోవాల్సిందే అన్నారు, డేట్ వచ్చే నెలాఖరుకి ఇచ్చారు. నేను అడిగేది ఆపరేషన్ గురించి కాదు, తెలిసినవాళ్ళు అదీ చెప్తే సంతోషం.

నొప్పి వస్తే మామూలుగా రాదండీ. రాత్రి అన్నం తిని పడుకున్నాక ఎప్పుడో మొదలవుద్ది, డొక్క కింద కుడివైపు పట్టేసి అక్కడినుంచి వీపులోకి, కుడి భుజం రెక్క కిందకి పోద్ది. కూర్చున్నా తగ్గదు, తొంగున్నా తగ్గదు, గోడకి నుదురు ఆనించి నిలబడిపోతాను. ఒక్కోసారి వాంతి అయిపోద్ది. అలా గంటలు గంటలు ఉండి తెల్లారగట్ల ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఆగిపోద్ది.

నా బాధ అక్కడినుంచే మొదలు. తెల్లారేసరికి నొప్పి లేదు, మొహం చూస్తే ఏ రోగమూ లేనట్టే ఉంటాను, కానీ రాత్రంతా నిద్ర లేక కాళ్ళు తేలిపోతుంటాయి. కాసేపు పడుకుందామంటే అవతల మా అత్తగారు ఆ మోకాళ్ళతో వంటింట్లో నిలబడి పిల్లలకి క్యారేజీలు కడుతుంటారు. ఆవిడ ఒక్క మాట అనరు, అంటే అదో రకం, అనకపోతే ఇంకా కష్టంగా ఉంది. గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడితే చాలు లేచి కూర్చుంటాను. షాపులో కూడా అంతే, సెలవు పెట్టి మర్నాడు వెళ్తే ఓనర్ "మొన్న సాయంత్రం బానే ఉన్నావు కదమ్మా" అన్నాడు, నిజమే కదా బానే ఉన్నాను, ఏం చెప్పను.

మా అమ్మది చోడవరం పక్క పల్లెటూరు, జ్వరంతో కూడా చెరుకు తోటలో పనికెళ్ళేది, పగలు మంచం మీద ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లో పుట్టి నొప్పి లేని టైంలో మంచమెక్కితే నాకే నేను నాటకాలాడుతున్నట్టు అనిపిస్తోంది. ఇలా ఎవరికైనా ఉందా? నొప్పి వచ్చినప్పుడు మీరేం చేస్తారు, లేనప్పుడు ఎంత రెస్ట్ తీసుకోవచ్చు?

కేజీహెచ్ డౌన్

అమ్మా, నేను చాలాకాలం సర్జికల్ వార్డులో నర్సుగా చేశాను, డాక్టర్ని కాదు, ఆ లెక్కలోనే చదువు.

ముందు నీ నొప్పి ఎందుకలా వచ్చి పోతోందో తెలిస్తే నాటకం అన్న మాట నీ బుర్రలోంచి పోద్ది. లివర్ తయారుచేసిన పైత్యరసం గాల్ బ్లాడర్ లో నిలవ ఉంటుంది, మనం నూనె, నెయ్యి ఉన్నది తిన్నప్పుడు ఆ సంచి పిండుకుని రసాన్ని పేగులోకి వదుల్తుంది. నీకు లోపల రాళ్ళున్నాయి కాబట్టి పిండుకున్నప్పుడు ఒక రాయి వచ్చి సంచి మూతి దగ్గర అడ్డం పడుతోంది, అడ్డం పడినంతసేపూ నొప్పి, మళ్ళీ వెనక్కి జారితే నొప్పి మాయం. అంటే తెల్లారగట్ల జరిగింది రాయి జారడమే గానీ రాయి పోవడం కాదు. పొద్దున నువ్వు బాగానే కనబడ్డం ఈ జబ్బు లక్షణమే, నీ తప్పేం లేదు అందులో. వార్డులో ఎంతమందిని చూశానో, రాత్రి మెలికలు తిరిగిపోయి పొద్దున డాక్టర్ రౌండ్స్ కి వచ్చేసరికి నవ్వుతూ కూర్చుని "ఏం లేదండీ ఇంటికెళ్ళిపోతాను" అనేవాళ్ళు.

నొప్పి వచ్చినప్పుడు ఏమీ తినకు, మంచినీళ్ళు కొంచెం కొంచెం తాగు, హాట్ బ్యాగ్ పెట్టుకుంటే కొందరికి ఊరటగా ఉంటుంది. మాత్ర ఏది వేసుకోవాలో ఆపరేషన్ చేసే డాక్టర్ దగ్గరే ఇప్పుడే రాయించుకుని ఇంట్లో ఉంచుకో, అర్ధరాత్రి మెడికల్ షాపువాడిచ్చింది మింగకు. డైక్లోఫెనాక్ లాంటివి ఈ నొప్పికి డాక్టర్లే ఇస్తారు కానీ అల్సరో కిడ్నీ ప్రాబ్లమో ఉన్నవాళ్ళకి అవి మంచివి కాదు, అందుకే అడగమంటున్నా.

ఇంకోటి, ఇది మాత్రం వాయిదా వెయ్యకు. నొప్పి అయిదారు గంటలైనా తగ్గకపోయినా, జ్వరం చలి వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, మలం తెల్లగా వెళ్ళినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, 108 కి ఫోన్ చేసి కేజీహెచ్ కో విమ్స్ కో దగ్గర్లో ఏది ఉంటే దానికి వెళ్ళిపో. సంచికి ఇన్ఫెక్షన్ వచ్చినా, రాయి జారి నాళంలో ఇరుక్కున్నా, పాంక్రియాస్ వాచినా అది వేరే కథ. అలాంటప్పుడు పొద్దున్నే క్యారేజీలు ఎవరు కడతారని ఆలోచిస్తూ కూర్చోకు.

తిండి: నూనె తగ్గించు, కానీ భయపడి తిండి మానీకు. కడుపు మాడ్చుకున్నా, గబగబా బరువు తగ్గినా రసం సంచిలో నిలవుండిపోయి రాళ్ళు ఇంకా పెరుగుతాయి. మన ఆడవాళ్ళు శ్రావణ శుక్రవారాలని, మార్గశిరంలో కనకమహాలక్ష్మి గుడికి గురువారాలని పొద్దంతా ఉపవాసం ఉండి సాయంత్రం బూరెలు పులిహోర లాగిస్తారు చూడు, ఈ జబ్బుకి అంతకంటే ముహూర్తం అక్కర్లేదు.

స్వదేశీ 1970

ఆపరేషన్ అనగానే పరిగెత్తకండి. కొండపిండి ఆకు పప్పులో వేసుకుని తినండి, అరటి దూట రసం పరగడుపున తాగండి. మా బావమరిదికి రాళ్ళు మూత్రంలో పడిపోయాయి, కత్తి గాటు లేకుండా.

కేజీహెచ్ డౌన్

స్వదేశీ గారూ, మూత్రంలో పడ్డాయంటే మీ బావమరిదివి కిడ్నీ రాళ్ళు. గాల్ బ్లాడర్ కి మూత్రానికి దారే లేదు, ఆ రాయి అటు ఎలా వెళ్తుంది? కొండపిండి పప్పు బానే ఉంటుంది, రుచికి తినండి. ఆలివ్ ఆయిల్, నిమ్మరసం తాగితే ఆకుపచ్చ రాళ్ళు పడ్డాయని వీడియోలు పెడతారు, అవి ఆ నూనె కడుపులో సబ్బులా గడ్డకట్టిన ఉండలు. రాళ్ళున్నవాళ్ళు అంత నూనె ఒక్కసారి తాగితే ఆ రాత్రి క్యాజువాలిటీలోనే. మాత్రలతో కరిగించే మందు ఉంది కానీ చిన్నచిన్న కొలెస్ట్రాల్ రాళ్ళకే పనిచేస్తుంది, నెలల తరబడి వాడాలి, ఆపితే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

పెందుర్తి పెద్దమ్మ

అమ్మాయ్, నేను అత్తగారి పార్టీ. మా కోడలికీ ఇదే జబ్బు వచ్చింది కాబట్టి చెప్తున్నాను, నీకు కోపం వచ్చినా సరే.

నీకు తెలీనిదేటంటే, కోడలు పడుకుందని నాకు ఎప్పుడూ ఒళ్ళు మండలేదు. పాలిపోయిన మొహంతో లేచొచ్చి స్టవ్ పక్కన నిలబడి "నేను చేస్తాను లెండి అత్తయ్యా" అంటుండేది చూడు, అప్పుడు మండేది. అట్టు చూడాలా దాన్ని చూడాలా? పడిపోద్దేమోనని గుండె గుబగుబ. నువ్వు పూర్తిగా పడుకుంటే ఆ పూట వంట నాదని తెలిసి నా పాటికి నేను ఏదో ఒకటి చేసుకుంటాను, సగం లేచి సగం పడుకుంటే ఇద్దరికీ పనే. పైగా మీ అత్తగారు ఏమీ అనట్లేదు కాబట్టి మనసులో ఏదో ఉందని నువ్వే కథ అల్లుకుంటున్నావు. అడుగు ఆవిణ్ణి. "అత్తయ్యా రాత్రి ఇలా అయ్యింది, పదింటిదాకా లేవలేను" అని ముందే చెప్పీ, చెప్పీసి పడుకో. చెప్పకుండా పడుకుంటేనే ఎదుటివాళ్ళకి ఏటో తెలీదు.

క్యారేజీ సంగతి: ఇడ్లీ పిండి ప్యాకెట్లు సందు చివర అమ్ముతున్నారు, ఉప్మా ఉంది, పెరుగన్నం ఉంది. నెల్లాళ్ళు పిల్లలు కూర లేకుండా తింటే చిక్కిపోరు. మీ ఆయన ఊసే రాయలేదు ఏటమ్మా, ఆయనకి చేతుల్లేవా?

ఇంకో మాట. మీ అమ్మ పగలు మంచమెక్కలేదు అన్నావు. ఆవిడ ఎక్కుదామనుకుంటే ఎవరు ఎక్కనిచ్చారు? కూలికెళ్ళకపోతే ఆ రోజు గంజి లేదు. మా కాలం వాళ్ళం పడుకోలేదంటే నొప్పి లేక కాదు, దారి లేక. అది గొప్ప అని మీరు మోసుకోకండి.

పరవాడ నైట్ షిఫ్ట్

పెద్దమ్మ గారు భలే రాశారు. నేను ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో చేస్తాను, నాదీ ఇదే గొడవ, ఆపరేషన్ అయ్యింది. ముందంతా గ్యాస్ అనుకుని పాంటాప్ లు, ఈనోలు వాడాం, ఒకసారి ఛాతీ దాకా వచ్చేస్తే గుండె అనుకుని ఈసీజీ తీయించారు, అది నార్మల్ వచ్చాక ఎవరో స్కాన్ చేయించమంటే బయటపడింది. మగాళ్ళకి రాదంటారు గానీ వస్తుంది, ఆడవాళ్ళకి ఎక్కువ అంతే.

అక్కా నీ ఓనర్ మాట గురించి నాకు అనుభవమే. సైట్ మీద చెయ్యి విరిగితే కట్టు కనబడుద్ది కాబట్టి అందరూ సెలవిస్తారు, మనది కనబడదు. నోటితో వివరించడం మానెయ్, స్కాన్ రిపోర్టు జిరాక్స్, డాక్టర్ రాసిన కాగితం, ఆపరేషన్ డేట్ మూడూ కలిపి ఇచ్చీ. "నొప్పి ఏ రాత్రి వస్తుందో తెలీదు, వచ్చిన మర్నాడు రాలేను" అని ఒకేసారి చెప్పీ. ప్రతిసారీ సెలవు అడుక్కోవడం దగ్గరే మనం సగం చిన్నబోతాం.

నీ జీతం కాగితంలో ఈఎస్ఐ, అదే ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, దాని కటింగ్ ఉందేమో చూడు. నెలకి 21,000 లోపు జీతం ఉండి కటింగ్ అవుతుంటే, ఆరు నెలల పీరియడ్ లో 78 రోజులకి డబ్బు కట్టి ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది, జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. అది నీ జీతంలోంచి కోసిన డబ్బే, ఎవరి దయా కాదు. ఈఎస్ఐ లేకపోతే రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని హాస్పిటల్ లో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర అడుగు, నీ ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్యసేవలో, అదే గవర్నమెంటు ఉచిత వైద్య పథకంలో, చేస్తారో లేదో వాళ్ళే చెప్తారు.

ఆపరేషన్ సంగతి: లాపరోస్కోపీ అయితే పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లు, రాళ్ళు ఏరడం కాదు సంచి మొత్తం తీసేస్తారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తారు కదా, దాంతో భుజం లాగుద్ది, ఎవరూ ముందు చెప్పక నేను హడలిపోయాను, రెండు మూడు రోజుల్లో పోద్ది. కూర్చుని చేసే పని అయితే వారం రెండు వారాల్లో వెళ్ళొచ్చు, నీళ్ళ బిందెలు, గ్యాస్ బండ, బట్టల మూటలు మాత్రం డాక్టర్ చెప్పేదాకా ఎత్తొద్దు. లివర్ రసం తయారుచేస్తూనే ఉంటుంది, నేరుగా పేగులోకి పోద్ది, అందుకే సంచి లేకపోయినా అరుగుద్ది. మొదట్లో నూనె తింటే కొందరికి విరేచనాలు అవుతాయి. నేనైతే బీచ్ రోడ్డులో మళ్ళీ మిరపకాయ బజ్జీ తినడానికి చాన్నాళ్ళు ఆగాను, అదొక్కటే నా త్యాగం.

కేజీహెచ్ డౌన్

ఎంత రెస్ట్ అని అడిగావు, దానికి నేను సమాధానం రాయలేదు. రాత్రి నొప్పి వచ్చినప్పుడు పోయిన నిద్ర పగలు తిరిగి తీసుకో, అంతవరకు మొహమాటం లేకుండా. నొప్పి లేని రోజుల్లో మంచం మీదే ఉండక్కర్లేదు, మామూలు పని, నడక ఏమీ చెయ్యవు. పడుకుంటే రాయి కరగదు, తిరిగితే పెరగదు.

బిర్లా జంక్షన్ అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. పెద్దమ్మ గారి కామెంట్ చదివి కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. మా ఆయన లారీ డ్రైవరండీ, నెలలో సగం రోజులు రాయపూర్ రోడ్డు మీదే, చేతులున్నాయి గానీ ఇంట్లో ఉండవు. ఈఎస్ఐ కటింగ్ ఉంది, ఇన్నాళ్ళూ చూసుకోనే లేదు. అత్తగారికి ఇంకా చెప్పలేదు, ఈ రాత్రి చెప్తాను.

ఒక్క డౌట్. సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నాను, ఆషాఢ పున్నమి ముందు రోజు కదా, అది ఆపరేషన్ కి ముందే వస్తోంది. 32 కిలోమీటర్లు. నడక ఏమీ చెయ్యదన్నారు కదా మీరు?

కేజీహెచ్ డౌన్

నడవడం వల్ల నొప్పి రాదు, కానీ రాత్రంతా నిద్ర లేకుండా, దారి పొడుగునా ఇచ్చే పులిహోర, ఉప్మా, బజ్జీలు తింటూ, లక్షల మంది మధ్యలో హనుమంతవాక దగ్గరో జోడుగుళ్ళపాలెం దగ్గరో నొప్పి వచ్చిందనుకో, అంబులెన్స్ నీ దగ్గరికి ఎంతసేపటికి వస్తుంది? నేనైతే వద్దంటాను. డాక్టర్ని కూడా అడుగు.

పెందుర్తి పెద్దమ్మ

వచ్చే ఏడు చేద్దువుగానిలే, అప్పన్న ఎక్కడికీ పోడు. అంతగా మనసు ఊరుకోకపోతే మాధవధార వైపు జనం వెళ్తారు కదా, మీకు దగ్గరే, కుర్చీ వేసుకుని కూర్చుని మజ్జిగ పంచు. కుర్చీ వేసుకుని అన్నాను, మజ్జిగ బిందె మోస్తూ కాదు.

పరవాడ నైట్ షిఫ్ట్

అక్కా ఈఎస్ఐ కార్డు నంబరు, స్కాన్ రిపోర్టు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకో, మీ అత్తగారి ఫోన్లో కూడా పెట్టు. బావగారు ఊళ్ళో లేనప్పుడు నొప్పి వస్తే ఆవిడే కదా నీతో వచ్చేది.