రోమ్, ఫ్లోరెన్స్ చర్చిల్లో రినైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) కళ: ఏది ముందు బుక్ చేయాలి, ఎప్పుడు వెళ్ళాలి?

ప్రశ్న:
జూన్‌లో రోమ్‌లో మూడు రోజులు, ఫ్లోరెన్స్‌లో రెండు రోజులు. మ్యూజియాలకు తరలించినవి కాకుండా, చర్చిల్లోనే ఉన్న బొమ్మలు, శిల్పాలు చూడాలని ఉంది. వేటికి ముందే టికెట్ కావాలి? అమ్మ కూడా వస్తోంది, మెట్లు ఎక్కలేదు.

జవాబు 1:
సెయింట్ పీటర్స్ బసిలికాలోకి వెళ్ళడానికి టికెట్ లేదు. టైమంతా తినేది సెక్యూరిటీ క్యూ. పొద్దున్నే తెరిచే వేళకి చేరితే సగం తలనొప్పి తగ్గుతుంది. బుధవారం పొద్దున మాత్రం వద్దు, పోప్ గారి సభ ఉంటుంది. లోపల కుడివైపు మొదటి చాపెల్‌లోనే (చాపెల్ అంటే చర్చిలోని చిన్న ప్రార్థనా గది) మైకెలాంజెలో పియెటా, అంటే చనిపోయిన ఏసుని ఒడిలో పెట్టుకున్న మరియమ్మ శిల్పం. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక అద్దం బిగించారు, కాబట్టి దూరం నుంచే చూడాలి. గుమ్మటానికి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి, పైకి పోయేకొద్దీ గోడ మీదకి వాలుతుంది. అమ్మగారు లిఫ్ట్ ఆగిన టెర్రస్ దగ్గర ఆగిపోతే చాలు.

సిస్టీన్ చాపెల్‌కి దారి వాటికన్ మ్యూజియాల లోంచి, టికెట్ వేరు. ఆన్‌లైన్‌లో ముందే కొనండి. ఆదివారాలు మూత, నెలలో ఆఖరి ఆదివారం ఉచితం కాబట్టి ఆ రోజు ఇసకేస్తే రాలదు. ఫోటోలు తీయనివ్వరు. మైకెలాంజెలో బొమ్మలున్న కప్పు దాదాపు 20 మీటర్ల ఎత్తు, చిన్న బైనాక్యులర్స్ ఉంటే ముఖాలు తెలుస్తాయి. గోడల వెంట బెంచీలున్నాయి, చోటు దొరికితే వదలకండి.

జవాబు 2:
రోమ్‌లోని చిన్న చర్చిలను మర్చిపోకండి, క్యూలు ఉండవు. చాలావాటిని మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి, మూడు, నాలుగు గంటలకు గానీ తెరవరు. ఆ వేళకి భోజనం పెట్టుకోండి. బలిపూజ జరుగుతుంటే లోపల తిరగనివ్వరు.

సాన్ పియెత్రో ఇన్ వింకోలిలో మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం, సాంతా మరియా సోప్రా మినెర్వాలో ఫిలిప్పీనో లిప్పి ఫ్రెస్కోలు (తడి గచ్చు మీద వేసిన గోడబొమ్మలు), సాంతా మరియా దెల్ పొపొలోలో రాఫెల్ డిజైన్ చేసిన కీజీ చాపెల్ చూడండి. చాలాచోట్ల చాపెల్ చీకటిగా ఉంటుంది, పక్కన నాణేల పెట్టె ఉంటుంది. నాణెం వేస్తే కాసేపు లైటు వెలిగి టప్పున ఆరిపోతుంది. చిల్లర యూరోలు దగ్గర పెట్టుకోండి. ఎవరైనా వేస్తే అప్పుడు చూద్దామని అందరూ ఎదురుచూస్తూ నిలబడటం మామూలే!

ఎండ మండినా భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాల్సిందే. మగవాళ్ళ షార్ట్స్‌కీ ఇదే రూలు. బ్యాగులో చున్నీ ఒకటి పడేయండి.

జవాబు 3:
ఫ్లోరెన్స్ కథీడ్రల్ లోపలికి ఉచితమే. దాని మీద బ్రూనెలెస్కి కట్టిన గుమ్మటం ఎక్కడానికి మాత్రం స్లాట్ బుక్ చేయాలి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు, కాబట్టి అమ్మగారికి కుదరదు. ఆ టైములో ఆవిడని సాంతా మరియా నొవెల్లా చర్చికి తీసుకెళ్ళడమే నయం. దానికి టికెట్ కొనాలి. శుక్రవారం ఆలస్యంగా తెరుస్తారు, ఆదివారం మధ్యాహ్నం నుంచే.

అక్కడ బలిపీఠం వైపు తిరిగితే ఎడమ గోడ మీద మసాచో అనే చిత్రకారుడు వేసిన ట్రినిటీ (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల బొమ్మ), 1427 ప్రాంతం నాటిది. దగ్గరికి పోకండి. కొంచెం వెనక్కి, బొమ్మకి సరిగ్గా ఎదురుగా నిలబడండి. బొమ్మలో లోపలికి పోతున్నట్టు గీసిన గీతలన్నీ కలిసే బిందువు శిలువ అడుగున, దాదాపు మన కంటి ఎత్తులోనే ఉంది. అందుకే చదునైన గోడలో గది తొలిచినట్టు కనిపిస్తుంది. పక్కకి జరిగితే ఆ లోతు చెదురుతుంది. కింద అస్థిపంజరం కూడా ఉంది, చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు.

మసాచో ఫ్రెస్కోలే ఉన్న బ్రాంకాచీ చాపెల్‌కి (సాంతా మరియా దెల్ కార్మినె చర్చిలో) కూడా ముందే బుకింగ్ చేయండి. ఒక్కో విడతలో కొద్దిమందినే పంపి, కొద్ది నిమిషాలకే బయటికి రమ్మంటారు. మంగళవారం మూత.