‘ఎయిడ్ అండ్ కంఫర్ట్’ను తెలుగులో ఏమనాలి?

అడిగినవారు: అమెరికా రాజ్యాంగం మూడో అధికరణాన్ని ఇక్కడి మన పెద్దవాళ్లు చదువుకునేలా వాడుక తెలుగులో రాస్తున్నానండీ. దేశద్రోహం నిర్వచనంలో ‘ఎయిడ్ అండ్ కంఫర్ట్’ దగ్గర ఆగిపోయాను. ‘శత్రువులకు సహాయం, సౌకర్యం కల్పించడం’ అని రాస్తే లాడ్జి ప్రకటనలా ఉంది.

మొదటి జవాబు: ‘అండదండలు’ అనేయండి. అక్కడ కంఫర్ట్ అంటే సుఖపెట్టడం కాదు, బలం చేకూర్చడం. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఆ అర్థమే ఉండేది. వాళ్లదీ జంటపదమే, మనదీ జంటపదమే.

అంతకన్నా ముఖ్యం, ‘మాత్రమే’ అన్న మాట జారిపోకుండా చూసుకోండి. మనకు మిత్రద్రోహం, స్వామిద్రోహం, నమ్మకద్రోహం... ద్రోహానికి ఎల్లలే లేవు. టీవీ చర్చల్లో అయితే అవతలి టీమ్ సిక్స్‌కు చప్పట్లు కొట్టినా దేశద్రోహమే! ఆ అధికరణం మాత్రం రెండే చెబుతుంది: అమెరికా మీద యుద్ధానికి దిగడం, శత్రువుల పక్షం చేరి అండదండలివ్వడం. 1351 నాటి ఇంగ్లండు చట్టంలో రాజు చావును మనసులో తలచినా ద్రోహమే. ఆ ముక్కను వీళ్లు తీసుకోలేదు.

‘ఇద్దరు సాక్షులు కావాలి’ అని రాసి ఊరుకోకండి. ఒకే చేతను ఇద్దరూ చూసి ఉండాలి. ఒకడు ఒక పనికీ, ఇంకొకడు మరో పనికీ సాక్ష్యం చెబితే చెల్లదు. లేదంటే నిందితుడే నిండు కోర్టులో ఒప్పుకోవాలి. పోలీసుల ముందు ఒప్పుకున్నాడంటే సరిపోదు.

1942లో జర్మనీ నుంచి జలాంతర్గాముల్లో వచ్చి దిగిన విధ్వంసకుల్లో ఒకడు, ఆంథొనీ క్రేమర్ అనే అమెరికా పౌరుడికి పాత స్నేహితుడు. ఇద్దరూ న్యూయార్క్‌లో కూర్చుని తాగారు, మాట్లాడుకున్నారు. ఎఫ్‌బీఐ వాళ్లు చూశారు గానీ ఆ మాటలు వాళ్ల చెవిన పడలేదు. బల్ల దగ్గర కూర్చుని తాగితే శత్రువుకు ఏం ఒరిగిందో తేలలేదంటూ 1945లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో క్రేమర్‌కు దేశద్రోహం కింద పడ్డ శిక్ష కొట్టేసింది. అదే బృందంలోని హాప్ట్ అనే కుర్రాడి తండ్రి సంగతి వేరు. కొడుకును ఇంట్లో పెట్టుకున్నాడు, కారు కొనుక్కోవడానికీ, బాంబర్ విమానాల పరికరాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగానికీ సాయపడ్డాడు. 1947లో ఆయన శిక్ష నిలబడింది. ‘అండదండలు’ పక్కన ఈ రెండు కేసులూ పెట్టండి, వేరే వివరణ అక్కర్లేదు.

రెండో జవాబు: పనిలో పని, అదే అధికరణంలో జడ్జీల గురించి రాసేటప్పుడు ‘గుడ్ బిహేవియర్’ను సత్ప్రవర్తన అనకండి. మన పేపర్లలో ఆ మాట పంద్రాగస్టుకు విడుదలయ్యే ఖైదీలకు రిజర్వు అయిపోయింది. ‘తప్పు చేసి అభిశంసనకు గురైతే తప్ప పదవి పోదు, పదవిలో ఉండగా జీతం తగ్గించకూడదు’ అంటే చాలు. మన సుప్రీంకోర్టు జడ్జీలు 65 ఏళ్లకు రిటైరవుతారు కాబట్టి, అక్కడ వయసు పరిమితి లేదని ఒక వాక్యం కలపండి. లేకపోతే పెద్దవాళ్ల మొదటి ప్రశ్న అదే.

మూడో జవాబు: రాజద్రోహం అంటే పోలేదా?

మొదటి జవాబు ఇచ్చినవారు: పొసగదండీ. తెలుగు పత్రికల్లో అది పాత 124ఎ సెక్షన్‌కు స్థిరపడిపోయింది, 2022 మేలో మన సుప్రీంకోర్టు పక్కన పెట్టించిందే, అది. ప్రభుత్వం మీద ద్వేషం రెచ్చగొట్టే మాటలూ రాతలూ దాని కిందికి వచ్చేవి. ఇక్కడ మాటలు చాలవు, చేత ఉండాలి. పైగా అమెరికాకు రాజెవరు?

అడిగినవారు: అండదండలు ఖాయం చేశాను. చివర్లో ‘కరప్షన్ ఆఫ్ బ్లడ్’ ఉంది, ‘రక్తం చెడటం’ అని పెట్టాను.

మొదటి జవాబు ఇచ్చినవారు: ల్యాబ్ రిపోర్టు అనుకుంటారు, తీసేయండి. పాత ఇంగ్లండులో ద్రోహం రుజువైతే వారసత్వం అక్కడితో తెగిపోయేది. తండ్రి ద్రోహి అయితే, అతని ద్వారా రావలసిన తాత ఆస్తి కూడా మనవడికి దక్కేది కాదు. ‘ద్రోహికి పడ్డ శిక్ష వారసులకు అంటదు, ఆస్తి జప్తు చేసినా అతను బతికున్నంత వరకే’ అని రాయండి.