సెస్యూ హయకావా 1922లో హాలీవుడ్‌ను ఎందుకు వదిలిపెట్టారు?

ప్రశ్న:
మూకీ చిత్రాల చరిత్ర చదువుతున్నప్పుడు సెస్యూ హయకావా పేరు పదేపదే ఎదురైంది. జపాన్‌లోని చిబా ప్రాంతంలో పుట్టి, అమెరికా చేరి, 1915లో సిసిల్ బి. డెమిల్ తీసిన ‘ద చీట్’తో పెద్ద తార అయిన ఈ నటుడు 1922లో ఆ దేశాన్ని విడిచి వెళ్ళారు. యాస కారణంగా టాకీలలో రాణించలేకపోయారని ఒకచోట చదివాను. కానీ టాకీలు వచ్చింది 1927లో కదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మీ సందేహం సబబైనదే. అసలు కారణాన్ని ఆయనకు దక్కిన పాత్రల్లోనూ, ఆనాటి కాలిఫోర్నియా వాతావరణంలోనూ వెతకాలి. జపనీయులు వ్యవసాయ భూమి కొనకుండా అక్కడ 1913లోనే చట్టం చేశారు. శ్వేతజాతీయులతో వారి వివాహం చెల్లేది కాదు. వారు అమెరికా పౌరులు కాలేరని 1922 నవంబరులో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. అందుకే తెర మీద కథానాయిక ఆయనను ఎంతగా ప్రేమించినా, చివరికి ఆయన మరణించడమో, త్యాగం చేసి తప్పుకోవడమో జరిగేది. జనం ఆయన కోసమే థియేటర్లకు వస్తున్నా ఆ ముగింపు మాత్రం మారలేదు. అంతటి ప్రతిభకు ఇది తీరని అన్యాయమని నా అభిప్రాయం.

రెండవ సమాధానం:
‘ద చీట్’ గురించి కొంత చేర్చాలి. అప్పు తీసుకున్న సంపన్న గృహిణి దానిని డబ్బుతోనే తీర్చేస్తానని వచ్చినప్పుడు, తన వస్తువులన్నిటి మీదా వేసే ముద్రను ఎర్రగా కాల్చి ఆమె భుజం మీద వేస్తాడు అప్పిచ్చిన జపనీయ వ్యాపారి. ఆ పాత్ర హయకావాది. తక్కిన నటులు చేతులు ఊపుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ నటిస్తున్న ఆ రోజుల్లో హయకావా దాదాపు కదలకుండా, చూపుతోనే క్రౌర్యాన్ని పలికించారు. ఫ్రెంచి విమర్శకులు ముగ్ధులైంది ఆ నిగ్రహానికే. అయితే లాస్ ఏంజెలెస్‌లోని జపనీయులు తమ జాతిని దుర్మార్గంగా చూపారని గట్టిగా నిరసించారు, వారి ఆగ్రహం న్యాయమైనదే. 1918లో మళ్ళీ విడుదల చేసినప్పుడు టైటిల్ కార్డులు (మూకీలలో మాటలను రాసి తెర మీద చూపే పలకలు) మార్చి ఆ పాత్రను బర్మా దేశస్థుడిని చేశారు. ఒక జాతి మీది నింద ఇంకొక జాతి మీదికి మారిందే తప్ప తొలగలేదు.

అదే ఏడాది ఆయన హావర్త్ పిక్చర్స్ అనే సొంత సంస్థను స్థాపించారు. అందులో తీసిన ‘ద డ్రాగన్ పెయింటర్’ (1919)లో భార్య త్సురు ఆవోకీయే కథానాయిక. ఆయనది కొండల్లో తిరిగే చిత్రకారుడి పాత్ర.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమెరికా వదిలాక ఆయన నటన కొనసాగిందా?

మూడవ సమాధానం:
కొనసాగింది. 1923లో ఫ్రాన్సులో ‘లా బతాయ్’, 1931లో హాలీవుడ్‌కు తిరిగి వచ్చి చైనా సంతతి అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌తో ఒక టాకీ చేశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులోనే చిక్కుకుపోయి, నీటిరంగుల చిత్రాలు అమ్ముకుని జీవించారు. 1957లో ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’లో యుద్ధఖైదీల శిబిరాన్ని నడిపే జపాన్ అధికారి కల్నల్ సైటో పాత్రకు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ పొందారు. ఖైదీ అధికారి పట్టుదలకు లొంగిపోయాక సైటో తన గదిలో ఒంటరిగా ఏడ్చే ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనించండి. పగవాడి పాత్రలో అంత మానవత్వాన్ని చూపడానికి ఆయనకు నలభై ఏళ్ళ తరువాత గానీ అవకాశం రాలేదు. ముందుగా ‘ద చీట్’, వెంటనే ఈ చిత్రం చూడవలసిందిగా నా సూచన.