టేపు మీదికి మైగ్రేట్ అయిన డేటాసెట్లను జాబు మొదలయ్యేలోపే రప్పించడం ఎలా?

ప్రశ్న – బ్యాచ్ సపోర్ట్, గచ్చిబౌలి

అందరికీ నమస్కారం. మేము ఇక్కడి నుంచి అమెరికాలోని ఒక బ్యాంకుకు జెడ్‌ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) బ్యాచ్ చూస్తున్నాము. అక్కడి తూర్పు తీరంలో అర్ధరాత్రి మొదలయ్యే జాబులు వేసవిలో మనకు ఉదయం 9:30కి మొదలవుతాయి. మూడు నెలలకొకసారి నడిచే జాబు ఒకటి, గడిచిన త్రైమాసికంలోని రోజువారీ ఫైళ్లన్నిటినీ (డేటాసెట్లను) ఒకే డీడీ (జాబుకు ఏ ఫైలు కావాలో చెప్పే వాక్యం) కింద వరుసగా చేర్చి చదువుతుంది. వాటిలో చాలా భాగం అప్పటికే హెచ్‌ఎస్‌ఎం (వాడకం లేని ఫైళ్లను చవకైన నిల్వకు మైగ్రేట్ చేసే సాఫ్ట్‌వేర్) ద్వారా టేపు మీదికి వెళ్లిపోయి ఉంటాయి. రీకాల్ (ఫైలును తిరిగి డిస్క్ మీదికి తేవడం) దానంతట అదే జరుగుతున్నది, అందులో లోపమేమీ లేదు. అయితే ఒక ఫైలు వచ్చాక గాని రెండవదానికి అభ్యర్థన వెళ్లడం లేదు. జాబు నడుస్తున్నట్టే కనిపిస్తుంది, సీపీయూ సమయం మాత్రం కదలదు. వీటన్నిటినీ ముందుగా ఒకేసారి డిస్క్ మీదికి తెప్పించే పద్ధతి ఏమిటి?

మరొక సందేహం. ఇదే జాబు మొదటి స్టెప్పులో ఐఈఎఫ్‌బీఆర్14తో పాత రిపోర్టులను తొలగిస్తాము. తొలగించబోయే ఫైలును కూడా సిస్టమ్ టేపు నుంచి వెనక్కి తెచ్చి, ఆ తరువాతనే తొలగిస్తున్నది. ఇది తప్పనిసరియా?

జవాబు 1 – స్టోరేజ్ అడ్మిన్, మాదాపూర్

ముందు జరుగుతున్నదేమిటో చూద్దాం. డేటాసెట్ మైగ్రేట్ అయినప్పుడు క్యాటలాగ్‌లో (ఏ ఫైలు ఎక్కడున్నదో చెప్పే సూచికలో) దాని వాల్యూమ్ (డిస్క్ లేదా టేపు) పేరు స్థానంలో ‘మిగ్రాట్’ అన్న ఆరక్షరాల గుర్తు చేరుతుంది. అసలు ప్రతి ఎక్కడున్నదో హెచ్‌ఎస్‌ఎం తన మైగ్రేషన్ కంట్రోల్ డేటాసెట్‌లో రాసుకుంటుంది. మీ స్టెప్పుకు అలొకేషన్ (కావలసిన ఫైళ్లను కేటాయించడం) జరిగేటప్పుడు క్యాటలాగ్‌లో ఆ గుర్తు కనిపించగానే సిస్టమ్ హెచ్‌ఎస్‌ఎంను పిలిచి, ఫైలు వచ్చేవరకు అక్కడే ఆగుతుంది. సాధారణ అమరికలో ఇది డీడీల వరుసలో ఒకదాని తరువాత ఒకటిగా సాగుతుంది. ఒకే టేపు మీద మీ ఫైళ్లు పది ఉన్నా, తరువాతి అభ్యర్థన ఇంకా క్యూలోకి రాలేదు గనుక ఆ సంగతి హెచ్‌ఎస్‌ఎంకు తెలిసే అవకాశం లేదు.

అందువల్ల అసలు జాబుకు ముందు ఐకేజేఈఎఫ్‌టీ01తో (ఆదేశాలను బ్యాచ్‌లో నడిపే ప్రోగ్రామ్‌తో) ఒక చిన్న జాబు పెట్టి, అందులో హెచ్‌రీకాల్ ఆదేశానికి ఫైళ్ల పేర్లన్నీ ఇచ్చి, చివర నోవెయిట్ అని రాయండి. అభ్యర్థనలన్నీ ఒక్కసారే క్యూలో చేరతాయి, ఆ జాబు వెంటనే ముగుస్తుంది. ఒక టేపు మౌంట్ అయి ఉండగానే, దాని కోసం క్యూలో వేచి ఉన్న ఇతర అభ్యర్థనలను కూడా హెచ్‌ఎస్‌ఎం తీర్చగలదు. మీకు అసలు లాభం ఇక్కడే ఉంది. అసలు జాబు మొదలయ్యే సమయానికి ఇంకా రానివేవైనా మిగిలితే, అలొకేషన్ వాటి కోసం మాత్రమే ఆగుతుంది.

జవాబు 2 – సిస్టమ్ ప్రోగ్రామర్

పై జవాబుతో ఏకీభవిస్తూనే, జాబును ముట్టుకోకుండా సిస్టమ్ స్థాయిలోనే ఈ పని చేయవచ్చునని చెప్పదలచాను. పార్మ్‌లిబ్‌లోని (సిస్టమ్ అమరికల లైబ్రరీలోని) అలాక్‌ఎక్స్‌ఎక్స్ మెంబర్‌లో, సిస్టమ్ విభాగం కింద, బ్యాచ్_ఆర్‌సీఎల్‌మిగ్‌డీఎస్ అనే పరామితి జెడ్‌ఓఎస్ 2.1 నుంచి ఉంది. దాని సహజ (డిఫాల్ట్) విలువ సీరియల్. పారలల్ అని మారిస్తే ఒక స్టెప్పుకు కావలసిన మైగ్రేట్ అయిన ఫైళ్లన్నిటికీ రీకాల్ అభ్యర్థనలు ఒకేసారి వెళ్తాయి.

రెండవ సందేహానికి కూడా సమాధానం అక్కడే ఉంది. ఐఈఎఫ్‌బీఆర్14 ఏ పనీ చేయని ప్రోగ్రామ్ అని అమీర్‌పేటలో జేసీఎల్ (జాబులు రాసే భాష) నేర్చుకున్న ప్రతివారికీ తెలుసు; కాని డీడీలో డిలీట్ అని రాసినందువల్ల పని చేసేది ప్రోగ్రామ్ కాదు, అలొకేషన్. ఆ అలొకేషనే ఫైలును వెనక్కి రప్పిస్తున్నది. జెడ్‌ఓఎస్ 1.11లో వచ్చిన ఐఈఎఫ్‌బీఆర్14_డెల్‌మిగ్‌డీఎస్ పరామితిని నోరీకాల్ అని పెడితే, ఫైలును తేకుండా, ఉన్నచోటనే తొలగించమని సిస్టమ్ హెచ్‌ఎస్‌ఎంకు చెబుతుంది. సహజ విలువ లెగసీ కనుకనే ఇన్నేళ్ల తరువాత కూడా చాలాచోట్ల టేపులు ఉత్తపుణ్యానికి తిరుగుతున్నాయి. ప్రస్తుత విలువలను డీ అలాక్,ఆప్షన్స్ ఆదేశంతో కన్సోల్ మీద చూడవచ్చు. మార్చడానికి అధికారం మీకు ఉండదు గనుక క్లయింట్ వైపు సిస్టమ్స్ బృందాన్ని అడగవలసి ఉంటుంది. వారు ఒప్పుకునేలోగా ఆ స్టెప్పును ఐడీక్యామ్స్ (క్యాటలాగ్, ఫైళ్ల నిర్వహణ యుటిలిటీ) డిలీట్‌గా మార్చుకోండి. అది మైగ్రేట్ అయిన ఫైలును రీకాల్ లేకుండానే తొలగిస్తుంది.

జవాబు 3 – కెపాసిటీ ప్లానింగ్, ఉప్పల్

ఒకేసారి అడగడం బాగానే ఉంది, కాని అడిగినవన్నీ ఒకేసారి రావు. హెచ్‌ఎస్‌ఎం ఒక హోస్ట్‌లో ఏకకాలంలో నడిపే రీకాల్ పనులు గరిష్ఠంగా 15. సెట్‌సిస్‌లో (హెచ్‌ఎస్‌ఎం అమరికల ఆదేశంలో) మ్యాక్స్‌రీకాల్‌టాస్క్స్ ద్వారా దీన్ని తగ్గించి ఉండవచ్చు, టేపు వాటిని టేప్‌మ్యాక్స్‌రీకాల్‌టాస్క్స్‌తో ఇంకా బిగించి ఉండవచ్చు. నోవెయిట్ అభ్యర్థనల కంటే ఎదురుచూస్తున్నవారి అభ్యర్థనలకు మామూలుగా ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి, ముందస్తు జాబును తగినంత ముందుగా నడపాలి.

నా అసలు అభ్యంతరం వేరు. ప్రతి త్రైమాసికం చివర తప్పకుండా చదవబోయే ఫైళ్లను టేపు దాకా ఎందుకు పంపాలి? మేనేజ్‌మెంట్ క్లాస్‌లో (ఫైలును ఎప్పుడు ఎక్కడికి పంపాలో చెప్పే నియమాలలో) లెవెల్ 1 రోజుల సంఖ్యను త్రైమాసికం దాటేలా పెంచమని అడగండి. అప్పుడు అవి కుదించిన రూపంలో ఎంఎల్1 (మైగ్రేషన్ లెవెల్ 1) డిస్క్‌ల మీదనే ఉంటాయి. అక్కడి నుంచి రావడానికి టేపు మౌంట్ అవసరం ఉండదు. దానికయ్యే డిస్క్ ఖర్చును లెక్కవేసి చూపిస్తే క్లయింట్ ఒప్పుకోవడం కష్టమేమీ కాదు. అది కుదరకపోతే, కనీసం రీకాల్ అయిన ఫైళ్లు పట్టేంత ఖాళీ ఆ స్టోరేజ్ గ్రూపులో (డిస్క్‌ల సముదాయంలో) ఉందో లేదో చూసుకోండి. చదవడం తప్ప మార్పు చేయని ఫైళ్లు తిరిగి టేపుకు వెళ్లేటప్పుడు, సెట్‌సిస్‌లో రీకనెక్ట్ సౌకర్యం పెట్టి ఉంటే, హెచ్‌ఎస్‌ఎం డేటాను మళ్లీ రాయకుండా పాత ప్రతికే ముడివేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐడీక్యామ్స్ మార్పు, ముందస్తు హెచ్‌రీకాల్ జాబు మా చేతిలోని పనులే కాబట్టి వాటితో మొదలుపెడతాము. మేనేజ్‌మెంట్ క్లాస్ గురించి క్లయింట్‌కు విడిగా రాస్తాము. ఒక్క చిన్న సంగతి: ఏ ఫైళ్లు మైగ్రేట్ అయ్యాయో రెక్స్‌లో (మెయిన్‌ఫ్రేమ్ స్క్రిప్ట్ భాషలో) లిస్ట్‌డీఎస్ఐ (ఫైలు వివరాలు తెచ్చే ఫంక్షన్)తో చూసుకుని, వాటి పేర్లతోనే హెచ్‌రీకాల్ జాబితా తయారు చేయాలనుకుంటున్నాము. అలా చూడడమే రీకాల్‌కు దారితీస్తుందా?

జవాబు 1 – స్టోరేజ్ అడ్మిన్, మాదాపూర్

దారితీయవచ్చు. ఏమీ చెప్పకుండా పిలిస్తే, డిస్క్ మీదికి మైగ్రేట్ అయిన ఫైలును లిస్ట్‌డీఎస్ఐ వెనక్కి తెస్తుంది, టేపు మీది దాన్ని వదిలేస్తుంది. కాబట్టి నోరీకాల్ అని స్పష్టంగా రాయండి. అప్పుడు ఫైలు మైగ్రేట్ అయి ఉంటే సిస్‌రీజన్ వేరియబుల్‌లో (కారణ సంకేతం) 0009 వస్తుంది. మీ జాబితాకు ఆ విలువ చాలు.