నిమ్మరసం ప్యాకా, చార్‌కోల్ మాస్కా: ముఖానికి ఏది ఎక్కువ చేటు?

సిరి_కాకినాడ: అక్క పెళ్లి దగ్గర పడింది, ఇంట్లో రోజూ ఇదే గొడవ. అమ్మ శనగపిండి, పసుపు, నిమ్మరసం కలిపి పట్టించమంటుంది. వదిన నల్లటి పీల్-ఆఫ్ మాస్క్ తెచ్చింది. ఏది సేఫ్?

పద్మజ: ఇంటిదే. మా అమ్మమ్మ కాలం నుంచీ సున్నిపిండే వాడాం, ఎవరికీ ఏమీ కాలేదు. కెమికల్స్‌కే భయపడాలి.

మందులషాపు_వేణు: పద్మజగారూ, సున్నిపిండిలో నిమ్మకాయ ఎవరు పిండారండీ? నూనె రాసి, నలుగు పెట్టి, వెంటనే కడిగేసేవాళ్లు. ఎండి బీటలు వారేదాకా ఉంచలేదు. చర్మం పీహెచ్ సుమారు 5, నిమ్మరసానిది 2 దగ్గర; ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు ఎక్కువ. పైగా అందులోని ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలకు ఎండ తోడైతే చర్మం కాలినట్టు ఎర్రబడి, బొబ్బలు కూడా రావచ్చు. అవి తగ్గినా మన చామనఛాయలో నల్లమచ్చ నెలల తరబడి పోదు.

సిరి_కాకినాడ: అంటే వదినదే కరెక్టా?

మందులషాపు_వేణు: అదీ కాదు. పీల్-ఆఫ్‌లో పాలీవినైల్ ఆల్కహాల్ ఎండి పొరలా అంటుకుంటుంది. లాగితే నూగు వెంట్రుకలు, చర్మం పైపొర కూడా ఊడొస్తాయి. మొటిమలకి అడాపలీన్, ట్రెటినాయిన్ రాసేవాళ్లు దాని జోలికే వెళ్లకూడదు, చర్మమే లేచిపోతుంది. ముక్కు మీద పీకేసిన చుక్కలు ఎలాగూ మళ్లీ వస్తాయి.

లహరి: మా వీధి పార్లర్‌లో మాస్క్ కాస్త చెవి వెనక రాసి, పది నిమిషాలు చూసి ఓకే అని ముఖానికి వేశారు. మర్నాటికి కళ్లు వాచాయి. అడిగితే "మంట అంటే పనిచేస్తున్నట్టే" అంట!

మందులషాపు_వేణు: పది నిమిషాల్లో మంట తెలుస్తుందేమో కానీ, వాసన నూనెలకీ ప్రిజర్వేటివ్‌లకీ వచ్చే ఎలర్జీ బయటపడడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. మోచేతి మడతలో రోజూ కాస్త రాస్తూ వారం చూడాలి. పెళ్లికి అంత టైం లేకపోతే కొత్తదేదీ ముట్టుకోవద్దు. కళ్లు వాస్తే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

పద్మజ: నిమ్మకాయ సంగతి ఒప్పుకుంటా. పసుపుని మాత్రం అనకండి. కొమ్ములు కొని మర పట్టిస్తే దోషమేముంది?

మందులషాపు_వేణు: కొమ్ములకీ మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం కలిసిన విషపు పసుపురంగు కొన్నిచోట్ల పూస్తున్నారండీ. ఎక్కడ కొంటున్నారు?