నవగుంజర కథ తెలుగు వైపు ఎక్కడైనా ఉందా?

మాది బరంపురం. పాప ఒడియా బడిలో నవగుంజర (తొమ్మిది ప్రాణుల అంగాలు కలిసిన రూపం) బొమ్మ గీసుకు రమ్మన్నారు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. కాళ్లు ఏనుగువి, పులివి, గుర్రానివి (కొందరు జింక కాలు వేస్తారు). నాలుగోది మాత్రం పద్మం పట్టిన మనిషి చెయ్యి!

15వ శతాబ్దపు సారళా దాసు ఒడియా భారతంలో కృష్ణుడే ఈ రూపంలో వస్తాడు. బాణం ఎక్కుపెట్టిన అర్జునుడు తేరుకుని దండం పెడతాడు. నాకైతే విశ్వరూపం కన్నా ఇదే నచ్చింది. వ్యాస భారతంలో ఈ కథ లేదు.

మా అత్తగారిది టెక్కలి. "మన భారతంలో ఇలాంటివి లేవమ్మా" అని తేల్చేశారు. శ్రీకాకుళం వైపు హరికథల్లో, తోలుబొమ్మల్లో, గుడి గోడల మీద ఎవరైనా చూశారా? ఊరి పేరు చెప్పండి, ఫోటో ఉంటే మరీ మంచిది.